స్కాట్లాండ్‌కి పార్లమెంట్ ఉంది కదా, ఇంకా ఈ స్వపరిపాలన గొడవ ఏంటి?

గోదారి_గ్లాస్గో · 8 నవంబర్ 2025, రాత్రి 8:50

ఇళ్ళ కొనుగోలు టాపిక్‌లో నిన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. అక్కడ రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడం ఇష్టం లేక విడిగా మొదలుపెడుతున్నాను.

మాది రాజమండ్రి. 2010 నుంచి గ్లాస్గోలో ఉంటున్నాం. 2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద జరిగిన రెఫరెండంలో నేను ఓటు వేశాను, అప్పటికి నాది ఇండియన్ పాస్‌పోర్టే. చెబితే చాలామంది నమ్మరు. ఇక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల వాళ్ళందరికీ ఆ రోజు ఓటుంది. ఇక్కడే పుట్టి లండన్‌లో స్థిరపడిన స్కాట్‌లకి మాత్రం లేదు. ఎక్కడ పుట్టావని కాదు, ఎక్కడ బతుకుతున్నావని చూశారు.

మా వీధి చివర స్కూల్లో పోలింగ్. ఎనిమిదింటికి డ్యూటీ ఉందని ఏడింటికే వెళ్ళాను. అప్పటికే లైను గేటు దాటింది. నా ముందు ఒక పిల్ల స్కూల్ యూనిఫాంలో, భుజాన బ్యాగుతో నిలబడింది. ఆ ఒక్క ఓటుకి 16 ఏళ్ళకే హక్కిచ్చారు. లోపల వేలికి సిరా లేదు, మెషీన్ లేదు. చెక్క బల్ల మీద దారం కట్టిన చిన్న పెన్సిల్ ముక్క. కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? కింద రెండు గళ్ళు. పెన్సిల్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. ఒక దేశం భవిష్యత్తు నన్నడుగుతోంది, నేను వచ్చి నాలుగేళ్ళే అయింది.

84.6 శాతం మంది ఓటేశారు. వద్దు అన్నవాళ్ళు 55.3, కావాలి అన్నవాళ్ళు 44.7.

అప్పుడు ఆరేళ్ళున్న మా అమ్మాయికి ఇప్పుడు 17. వచ్చే మే నెలలో హోలీరూడ్ (స్కాట్లాండ్ పార్లమెంట్) ఎన్నికల్లో తన మొదటి ఓటు. మొన్న అన్నం తింటూ అడిగింది: "అమ్మా, మన పార్లమెంట్ మనల్ని ఆ ప్రశ్న మళ్ళీ అడగకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. అడగడానికి కూడా అనుమతి కావాలంటే దాన్ని స్వపరిపాలన అంటారా?" నేను జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

తెనాలి_చదువరి · 8 నవంబర్, రాత్రి 10:15

అమ్మా, మంచి చర్చ మొదలుపెట్టారు. పాత కథ కొంచెం తెలిస్తే మీ అమ్మాయి ప్రశ్న ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది.

1707 దాకా స్కాట్లాండ్‌కి తన పార్లమెంట్ తనకుంది. 1698లో పనామా దగ్గర డేరియన్ అనే చోట వలస పెట్టబోయి ఘోరంగా దెబ్బతిన్నారు. దేశంలో ఉన్న డబ్బులో పెద్ద వాటా అక్కడే మునిగింది. కలిసిపోతే ఇంగ్లండ్ 3,98,085 పౌండ్లు ఇస్తానంది, అందులో కొంత డేరియన్‌లో నష్టపోయిన వాళ్ళకే వెళ్ళింది. ఎడిన్‌బరో, గ్లాస్గో వీధుల్లో జనం తిరగబడ్డారు కానీ పార్లమెంట్ సభ్యులు విలీనానికే ఓటేశారు. సామాన్యుణ్ణి ఎవరూ అడగలేదు.

ఒక్కటి గమనించండి. విలీనంలో కూడా వాళ్ళ చర్చి, వాళ్ళ న్యాయవ్యవస్థ వాళ్ళకే మిగిలాయి. చదువులూ వాళ్ళ పద్ధతిలోనే సాగాయి. అందుకే మూడొందల ఏళ్ళయినా స్కాట్లాండ్ ఇంగ్లండ్‌లో ఒక జిల్లాగా కలిసిపోలేదు. మనకి అనీబిసెంట్ పేరుతో తెలిసిన హోమ్ రూల్ అన్న మాట అక్కడ 1886 నుంచే ఉంది. 1913లో స్కాట్లాండ్ హోమ్ రూల్ బిల్లు కామన్స్ సభలో రెండో పఠనం కూడా దాటింది. మరుసటి ఏడు యుద్ధం వచ్చి మూలపడింది. 1949లో సొంత పార్లమెంట్ కావాలన్న పత్రం మీద దాదాపు 20 లక్షల సంతకాలు పడ్డాయి. దానికీ కదలిక లేదు.

అనంత_వేరుశనగ · 8 నవంబర్, రాత్రి 11:02

సింపుల్‌గా చెప్పాలంటే బ్రిటిష్ వాళ్ళు మనల్ని పాలించినట్టే స్కాట్లాండ్‌నీ పాలిస్తున్నారు. మనం 1947లో బయటపడ్డాం, వాళ్ళు ఇంకా పడలేదు. అంతే కదా?

తెనాలి_చదువరి · 9 నవంబర్, ఉదయం 6:40

అంతే కాదు బాబూ. మీ అనంతపురం నుంచే ఉదాహరణ చెబుతాను. 1800లో దత్తమండలాలకి కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో ఎవరు? గ్లాస్గోలో పుట్టినవాడు. రైత్వారీ పద్ధతి మీ సీమలో వేళ్ళూనింది ఆయన చేతిలోనే. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. మన కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ స్టోర్నోవేలో పుట్టాడు, స్కాట్లాండ్ పడమటి దీవుల్లో. ఆయనకి కుడిభుజంగా పనిచేసినవాళ్ళు మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో స్కాట్‌లు కోకొల్లలు. సామ్రాజ్యంలో వాళ్ళు భాగస్వాములు. మనం పాలితులం. ఆ రెండిటినీ ఒక గాటన కట్టకూడదు. స్కాట్లాండ్ వాదన వలస విముక్తి వాదన కాదు. ఒకప్పుడు కలిసిన దేశం, విడిపోయే హక్కు ఇంకా తన చేతిలో ఉందా అని అడుగుతోంది.

అనంత_వేరుశనగ · 9 నవంబర్, ఉదయం 7:55

సరే గురువుగారూ, ఒప్పుకుంటున్నా. మా తాతల కాలంలో మన్రోలప్ప అని పిల్లలకి పేర్లు పెట్టేవాళ్ళని విన్నా. ఆయనది గ్లాస్గో అని ఇవాళే తెలిసింది.

హన్మకొండ_వకీలు · 9 నవంబర్, ఉదయం 10:30

చదువరి గారు 1949లో ఆపారు. నాకు కడుపు మండేది 1979 దగ్గర.

ఆ ఏడాది మార్చి 1న స్కాట్లాండ్‌కి అసెంబ్లీ కావాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు. 51.6 శాతం కావాలన్నారు. గెలిచినట్టే కదా? కాదు. ఓటేసినవాళ్ళలో మెజారిటీ వస్తే చాలదు, ఓటర్ల జాబితాలో ఉన్న మొత్తం పేర్లలో 40 శాతం "అవును" అనాలని లండన్‌లో ముందే ఒక సవరణ పెట్టారు. లెక్క చూస్తే 32.9 దగ్గర ఆగింది.  ఓటేయడానికి రానివాళ్ళంతా "వద్దు" అన్నట్టే లెక్క! అసెంబ్లీ రాలేదు. కోపంతో స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్ఎన్‌పీ) ఎంపీలు 11 మంది ప్రభుత్వానికి ఎదురు తిరిగారు. మార్చి 28న అవిశ్వాసంలో 311కి 310, ఒక్క ఓటుతో ప్రధాని కాలహన్ పడిపోయాడు. తరవాత వచ్చింది థాచర్. ఇంగ్లండ్ కంటే ఒక ఏడాది ముందే, 1989లో, తలపన్ను స్కాట్లాండ్ మీద రుద్దారు. అక్కడి జనం ఆమె పార్టీకి మెజారిటీ ఇవ్వకపోయినా పన్ను మాత్రం ముందు వాళ్ళకే.

తెలంగాణవాడిగా నాకిది చాలా దగ్గరగా తగులుతుంది. 1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపండి అంది. అది పక్కన పెట్టి 1956లో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఒప్పందం అంటే మాట. మాటకి కోర్టులో విలువెంత? స్కాట్లాండ్‌లోనూ అదే కథ. వాళ్ళ అధికారాల్లోకి వచ్చే విషయాల మీద వాళ్ళ సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని యూకే పార్లమెంట్) మామూలుగా చట్టం చేయదని ఒక సంప్రదాయం ఉంది. 2016లో చట్టంలో కూడా రాశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు, ఇది రాజకీయ సంప్రదాయం, మేం అమలు చేయించలేం అని చెప్పింది.

అక్కా, మీ అమ్మాయికి నా జవాబు: దాన్ని స్వపరిపాలన అనరు. అప్పు తెచ్చుకున్న అధికారం అంటారు.

ఆబర్డీన్_రిగ్ · 9 నవంబర్, మధ్యాహ్నం 1:20

వకీలు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ తెలంగాణ దేశం వదిలిపోలేదు. సైన్యం, రూపాయి, పాస్‌పోర్ట్ అన్నీ అవే ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుతున్నది దేశమే వేరు కావడం గురించి. ఆ తేడా మర్చిపోతే చర్చంతా దారి తప్పుతుంది.

నేను 2005లో చదువుకోడానికి వచ్చాను. అప్పుడు ఫ్రెష్ టాలెంట్ అని ఒక స్కీం ఉండేది. స్కాట్లాండ్‌లో డిగ్రీ చేస్తే రెండేళ్ళు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఇంగ్లండ్‌లో చదివినవాళ్ళకి ఆ అవకాశం లేదు. వీసాలు లండన్ చేతిలో ఉన్నా ఇక్కడి ప్రభుత్వం అడిగి ఒప్పించింది. నాలాంటివాళ్ళు ఈ చలిలో నిలదొక్కుకున్నది దానివల్లే. విడిపోకుండా కూడా పనులు జరుగుతాయని నేను నమ్మడానికి అదొక కారణం.

రెండో కారణం నా జీవితమే. 2013లో ఎస్ఎన్‌పీ ప్రభుత్వం స్వతంత్ర స్కాట్లాండ్ ప్రణాళిక విడుదల చేసింది. లావుపాటి పుస్తకం, కూర్చుని చదివాను. అందులో చమురు ధర బ్యారెల్‌కి 110 డాలర్లు అని లెక్క వేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చే రోజు 2016 మార్చి 24 అని కూడా రాసుకున్నారు. ఏం జరిగింది? 2016 జనవరిలో ధర 30 డాలర్ల కిందకి పోయింది. 2015 నవంబర్‌లో మా టీమ్‌లో సగం మందిని ఒక్క మధ్యాహ్నంలో పంపించేశారు. అందులో నేనూ ఉన్నాను. టేబుల్ మీద ఉన్న హెల్మెట్, బూట్లు కవర్లో వేసుకుని బస్సెక్కాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఎలా చెప్పాలో తెలీక రెండు స్టాపులు ముందే దిగి నడిచాను. కొత్తగా పుట్టిన దేశం ఖజానా ఆ రోజు ఎలా ఉండేదో ఊహించండి. ఆబర్డీన్‌లో దాదాపు 59 శాతం మంది వద్దన్నారు. చమురు పక్కనే బతికేవాళ్ళకి దాని నిలకడలేనితనం తెలుసు.

స్టర్లింగ్_సాయి · 9 నవంబర్, మధ్యాహ్నం 3:05

అన్నా, మీ ఉద్యోగం సంగతి చదివి బాధేసింది. కానీ చమురు కథకి ఇంకో సగం ఉంది. 1970ల్లో నార్త్ సీలో చమురు పడినప్పుడు మెక్రోన్ అనే ప్రభుత్వ ఆర్థికవేత్త 1974లో ఒక నివేదిక రాశాడు. స్వతంత్రంగా ఉంటే స్కాట్లాండ్‌కి డబ్బు ఎక్కువై ఇబ్బంది పడేంత వస్తుందని దాని సారాంశం. దాన్ని రహస్యంగా పెట్టారు, బయటికొచ్చింది 2005లో. అవతల ఒడ్డున నార్వే అదే సముద్రంలో తీసిన చమురు డబ్బుని 1990లో ఫండ్ పెట్టి దాచుకుంది. ఇక్కడిది లండన్ ఖజానాలో కలిసి ఖర్చైపోయింది. 2016 ధర చూపించి వద్దంటున్నప్పుడు 1976 ధర కూడా చూపించాలి కదా?

ఆబర్డీన్_రిగ్ · 9 నవంబర్, మధ్యాహ్నం 3:40

చూపించాలి తమ్ముడూ. ఆ నివేదిక దాచడం తప్పే. కానీ నేను బతుకుతున్నది ఇవాళ. 2024-25 లెక్కల్లో స్కాట్లాండ్ లోటు జీడీపీలో 11 శాతం దాటింది. యూకే మొత్తానిది 5 చుట్టూ ఉంది. ఆ తేడా ఎవరు పూడుస్తారో చెప్పకుండా స్వాతంత్ర్యం అంటే నాకు గుండె దడ.

స్టర్లింగ్_సాయి · 9 నవంబర్, మధ్యాహ్నం 4:10

ఆ లెక్క ఇప్పుడున్న ఏర్పాటులో వచ్చిన లెక్క అన్నా. అప్పు ఎంత తేవాలి, రక్షణకి ఎంత ఇవ్వాలి అన్నవి లండన్‌లో తీసుకునే నిర్ణయాలు. అయినా లోటు పెద్దదే, దాన్ని కాదనను.

లీడ్స్_నాన్న · 9 నవంబర్, రాత్రి 7:30

ఇంగ్లండ్ వైపు నుంచి ఒక మాట వినండి. మా అబ్బాయి ఎడిన్‌బరోలో చదువుతున్నాడు. వాడి రూమ్మేట్ స్కాట్లాండ్‌లోనే ఫైఫ్ కుర్రాడు, వాడికి ఫీజు లేదు. మావాడికి 2025-26లో 9,535 పౌండ్లు, అక్కడ డిగ్రీ నాలుగేళ్ళు. ఒకే దేశం, ఒకే గది, ఒకే లెక్చర్. పిల్లాడి ముందు ఏమీ అనను కానీ ప్రతి సెప్టెంబర్‌లో ఆ అప్పు కాగితాలు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంకో సంగతి. 2004లో ఇంగ్లండ్ పిల్లల ఫీజులు పెంచే బిల్లు కామన్స్‌లో 5 ఓట్ల తేడాతో గట్టెక్కింది. స్కాట్లాండ్ ఎంపీల ఓట్లు తీసేస్తే ఓడిపోయేదే. వాళ్ళ పిల్లలకి వర్తించని చట్టాన్ని వాళ్ళు మా పిల్లల మీద నెగ్గించారు. టామ్ డాలియెల్ అనే స్కాటిష్ ఎంపీయే 1977లో ఈ ప్రశ్న లేవదీశాడు. ఆయన నియోజకవర్గం పేరు మీద వెస్ట్ లోథియన్ ప్రశ్న అంటారు. 2015లో దానికొక పరిష్కారం తెచ్చి 2021లో తీసేశారు. స్కాట్లాండ్‌కి అన్యాయం అన్నప్పుడు ఇంగ్లండ్‌కి సొంత పార్లమెంటే లేదన్నది కూడా గుర్తు పెట్టుకోండి.

హన్మకొండ_వకీలు · 9 నవంబర్, రాత్రి 8:05

నాన్న గారూ, 2004 సంగతి నాకు తెలీదు. అది అన్యాయమే.

గోదారి_గ్లాస్గో · 9 నవంబర్, రాత్రి 9:45

అందరివీ రెండేసి సార్లు చదివాను. లీడ్స్ గారి బాధ నిజం. మా అమ్మాయికి ఫీజు ఉండదు, ఆ ఉపశమనం ఏంటో నాకు తెలుసు. ఊరికే రాలేదు, మేం పన్ను కూడా ఎక్కువే కడుతున్నాం. ఇక్కడ 43,662 పౌండ్లు దాటితే 42 శాతం. మీకు 50,270 దాటాక 40. మందుల చీటీకి 2011 నుంచి డబ్బులు లేవు. మా కేర్ హోమ్‌లో ఉండే పెద్దావిడ చీటీలో తొమ్మిది మందులుంటాయి, వారం వారం ఫార్మసీ నుంచి తెస్తాను, కౌంటర్ దగ్గర పర్సు తీయక్కర్లేదు. ఇదంతా హోలీరూడ్ వల్ల వచ్చిందే. 1997లో 74.3 శాతం మంది ఓటేసి తెచ్చుకున్న పార్లమెంట్ అది. 1999లో మొదటి సమావేశంలో ఎస్ఎన్‌పీ నాయకురాలు విన్నీ యూయింగ్ లేచి, 1707 మార్చి 25న వాయిదా పడిన స్కాట్లాండ్ పార్లమెంట్ తిరిగి కొలువుదీరిందని ప్రకటించిందట. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. కాబట్టి వకీలు గారూ, మొత్తం అప్పు తెచ్చుకున్నదే అనలేను. మా రోజువారీ బతుకుని మార్చిన పాలన అది.

ఇప్పుడు నేను మొదటి పోస్టులో చెప్పనిది చెబుతాను. 2014లో నేను "వద్దు" అని గుర్తు పెట్టాను.

విడిపోతే పౌండుని మీతో పంచుకోం అని ఆ ఫిబ్రవరిలో యూకే ఆర్థికమంత్రి ఆస్బోర్న్ చెప్పాడు. ఇంటి డబ్బు, అమ్మకి పంపే డబ్బు అన్నీ పౌండ్లలోనే. విడిపోతే యూరోపియన్ యూనియన్‌లోంచి బయటపడతామని టీవీలో రోజూ చెప్పారు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు మూడు పెద్ద పార్టీల నాయకులు డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీలో ఇంకా అధికారాలిస్తామని సంతకాలు పెట్టి మాటిచ్చారు. భయం, ఆశ రెండూ కలిసి "వద్దు" వైపు లాగాయి. గ్లాస్గోలో 53.5 శాతం మంది "కావాలి" అన్నారని మర్నాడు తెల్లవారుజామున తెలిసింది. డ్యూటీకి వెళ్తే మా ఫ్లోర్‌లో ఇద్దరమ్మాయిల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కెటిల్ పెట్టి అందరికీ టీ కలిపాను. ఎవరికి వేశావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండేళ్ళు తిరక్కుండా బ్రెగ్జిట్ ఓటింగ్. స్కాట్లాండ్‌లో 62 శాతం యూరప్‌లోనే ఉందామన్నారు. అయినా బయటికి వచ్చేశాం. దేనికి భయపడి 2014లో ఆ గడిలో గుర్తు పెట్టానో అదే జరిగింది, అదీ మేం వద్దన్నాక. తరవాత ఖాళీ సీసాల పథకం. సీసా తిరిగిస్తే 20 పెన్నీలు. చట్టం హోలీరూడ్ చేసుకుంది. 2023లో గాజు సీసాలు చేర్చడానికి వీల్లేదని లండన్ అంది, పథకమే ఆగిపోయింది.

ఆబర్డీన్_రిగ్ · 9 నవంబర్, రాత్రి 10:10

అక్కా, సీసాల పథకంలో ఇక్కడి తప్పులు కూడా ఉన్నాయి. చిన్న బ్రూవరీలవాళ్ళు మొదటి నుంచీ మొత్తుకున్నారు. తప్పంతా లండన్ మీదే వేయకండి.

గోదారి_గ్లాస్గో · 9 నవంబర్, రాత్రి 10:35

నిజమే తమ్ముడూ. మనవాళ్ళు తప్పు చేస్తే మనవాళ్ళని దించేస్తాం, అది మన చేతిలో ఉంది. నన్ను బాధ పెట్టేది మన చేతిలో లేనిది.

ఇవాళ మళ్ళీ ఓటు పెడితే ఏ గడిలో పెడతానో నాకింకా తేలలేదు. మీ లోటు లెక్కలు చూస్తే భయం వేస్తూనే ఉంది. కానీ ఆ ప్రశ్న అడిగే హక్కు ఇక్కడివాళ్ళ దగ్గరే ఉండాలి. "వద్దు" అన్నదాన్నే నేను, అయినా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఆబర్డీన్_రిగ్ · 10 నవంబర్, ఉదయం 6:20

రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. కోర్టు తీర్పుని నేను తప్పు పట్టను. 2022 నవంబర్ 23న ఏకగ్రీవంగా ఇచ్చారు. 1998 చట్టంలో రాజ్యాంగ విషయాలు వెస్ట్‌మినిస్టర్‌కే ఉంచారు, చట్టం అలాగే ఉంది. 2014 ఓటింగ్‌కి కూడా 2012లో యూకే ప్రధాని కామెరాన్, స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత సాల్మండ్ ఎడిన్‌బరోలో కూర్చుని ఒప్పందం చేసుకున్నాకే దారి దొరికింది.

కానీ ఎప్పుడు అడగొచ్చో ఎక్కడా రాసి లేకపోవడం అన్యాయమే. ఉత్తర ఐర్లాండ్‌కి రాసి పెట్టారు. అక్కడ మెజారిటీ విడిపోవాలనుకునేలా కనిపిస్తే లండన్ మంత్రి ఓటింగ్ పెట్టి తీరాలి, ఒకసారి పెడితే ఏడేళ్ళ దాకా మళ్ళీ కూడదు. స్కాట్లాండ్‌కి అలాంటిదేమీ లేదు. ఎప్పుడు అడిగినా "ఇప్పుడు కాదు" అన్న ఒక్క మాట చాలు. ఏడేళ్ళు కాకపోతే పదిహేనేళ్ళు పెట్టండి, కానీ రాయండి. అలా రాస్తే నేనూ సంతకం పెడతాను. ఆ తరవాత ఓటింగ్‌లో "వద్దు" అనే వేస్తాను.

హన్మకొండ_వకీలు · 10 నవంబర్, ఉదయం 9:15

రిగ్ భాయ్, ఇది మంచి మాట. మన రాజ్యాంగం మూడో ఆర్టికల్‌లో రాష్ట్రం అభిప్రాయం అడగాలని ఉంది, దానికి కట్టుబడాలని లేదు. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లు వద్దని తిప్పి పంపినా పార్లమెంట్ పాస్ చేసింది. ఆ రోజు మా ఊళ్ళో పండగ చేసుకున్నాం. అవతలి ఒడ్డున ఆంధ్రావాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఈ చర్చ చదువుతుంటే మొదటిసారి తట్టింది. రాసి ఉండటం వేరు, ఎవరి మాట చెల్లుతుందో రాసి ఉండటం వేరు.

స్టర్లింగ్_సాయి · 10 నవంబర్, మధ్యాహ్నం 12:40

అక్కా, ఒక డౌట్. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నా. మే నెలలో హోలీరూడ్‌కి నేను ఓటేయొచ్చా? మా ఫ్లాట్‌లో ముగ్గురం తెలుగువాళ్ళం, ఎవరికీ క్లారిటీ లేదు.

గోదారి_గ్లాస్గో · 10 నవంబర్, సాయంత్రం 6:30

వేయొచ్చు తమ్ముడూ. కామన్వెల్త్ పౌరులకి మొదటి నుంచీ ఉంది. 2020లో చట్టం మార్చి, ఇక్కడ ఉండే అనుమతి ఉన్న ఏ దేశం వాళ్ళకైనా ఇచ్చారు. కాకపోతే పేరు దానంతటదే చేరదు. ఆన్‌లైన్‌లో మీరే రిజిస్టర్ చేసుకోవాలి, ఐదు నిమిషాల పని. అడ్రస్ ఇప్పుడున్న ఫ్లాట్‌ది ఇవ్వండి. ఇల్లు మారితే మళ్ళీ చేసుకోవాలి, ఇది చాలామంది పిల్లలు మర్చిపోతారు. రెండు ఓట్లుంటాయి, ఒకటి నియోజకవర్గం అభ్యర్థికి, ఇంకోటి ప్రాంతం లిస్టుకి. టిక్ కాదు, అడ్డగీతల గుర్తు పెట్టాలి.

మా అమ్మాయికి మీ అందరి పోస్టులూ చదివి వినిపించాను. రిగ్ తమ్ముడి ఉత్తర ఐర్లాండ్ సంగతి నోట్‌బుక్‌లో రాసుకుంది. నా 2014 పోలింగ్ కార్డు పంచాంగంలో పెట్టి దాచుకున్నాను, అడిగితే తీసి ఇచ్చాను. ఇప్పుడు తన టేబుల్ మీద ఉంది.